మీకు తెలుసా? ఆ ద్వీపం ఒకప్పుడు కొండ!

వేసవి సెలవుల్లో నాగార్జునసాగర్ వెళ్లి లాంచీ ఎక్కితే చేరే నాగార్జునకొండ పుట్టుకతో ద్వీపం కాదు. కృష్ణాలోయలో నిలబడిన మామూలు కొండ. దాని కింద 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోయి కొండ ద్వీపంగా మిగులుతుందని ముందే తెలిసి పురావస్తుశాఖ 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నింటిని ఇటుక ఇటుకా విప్పి, కొండపైన మళ్లీ పేర్చారు. కొన్నింటికి నమూనాలే కట్టారు. కాబట్టి అక్కడ మనం చూసే ఈ కట్టడాలు మొదట ఉన్నచోట ఉన్నవి కావు!

వాటిలో మహాచైత్యమనే బౌద్ధ స్తూపం పునాదిని గమనించండి: బండి చక్రంలా నడుమ నుంచి ఆకులు చీలి ఉంటాయి. ఆ చైత్యానికి దానమిచ్చింది రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి. ఇక్కడి శాసనాల్లో దాతలుగా రాజకుటుంబపు ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. రాజులు వైదిక యాగాలు చేస్తుంటే, వీళ్లు బౌద్ధ విహారాలు కట్టించారు.

తవ్వకాల్లో దొరికిన, నాలుగువైపులా రాతిమెట్లున్న రంగస్థలం మాత్రం ద్వీపం మీద లేదు, ఒడ్డున అనుపులో పునర్నిర్మించారు. అదీ చూడాలంటే పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నానికి ఎండకు కాలి ఆ రాతిమెట్లు కూర్చోనివ్వవు.