ఆటకు నత్తి ఎందుకొస్తుంది?

మా నూజివీడు వైపు మామిడి తోట ఉన్న ఏ ఇంట్లో కుర్రాణ్ణి అడిగినా ఒక సంగతి చెబుతాడు. ఆకుల మీద మసి పూసినట్టు నల్లగా కనబడితే కొత్త రైతు మసికి మందు కొడతాడు. ముదురు రైతు ముందు కొమ్మ తట్టి చూస్తాడు. తట్టగానే తేనెమంచు పురుగులు చిటపటమని లేస్తాయి. ఆ పురుగు వదిలే తీపి జిగురు మీదే మసి తెగులు పెరుగుతుంది. పురుగు పోనిదే మసి పోదు. ఇది చిన్నప్పటినుంచీ తెలిసినవాణ్ణే అయినా, కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి నేను మసికే మందు కొట్టాను. ఆ కథే ఈ వ్యాసం.

2021లో ఆన్‌లైను క్లాసుల కోసమని మా నాన్నగారు ఒక పాత కంప్యూటరు కొన్నారు. క్లాసుల వెనకాలే 'జి.టి.ఎ. ఫైవ్' అనే ఆట కూడా అందులోకి చేరిందని వేరే చెప్పాలా! ఆట తెరుచుకునేలోపు బోరు దాకా వెళ్ళి మోటారు వేసి రావచ్చు. తెరుచుకున్నాక కారు తోలుతుంటే నడిరోడ్డు మీద తెర బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి కారు గోడకు గుద్దుకుని ఉండేది. నేను మూడుసార్లు విండోసు మొత్తం తుడిచి మళ్ళీ వేశాను. ఆట బాగుపడలేదు గానీ, అందులో దాచుకున్న ఇంటరు ఫిజిక్సు నోట్సు మాత్రం పోయింది.

2023 సంక్రాంతి సెలవుల్లో ఒక షాపులో చూపిస్తే "గ్రాఫిక్సు కార్డు మార్చాలి తమ్ముడూ, పదహారు వేలవుద్ది" అన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. నాన్నగారు కాసేపాగి, "సరేలేరా, తోట తీసుకునే ఆయన్ని అడిగి చూస్తా" అన్నారు. పూత మీదే తోట అమ్ముకునేవాళ్ళకు ఆ మాట బరువు తెలుసు. ముందుగా డబ్బు అడిగామంటే బేరంలో మనమే తగ్గాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలు కార్డే కారణమని ఎవరు రుజువు చేశారు?

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. మొదట తెలిసింది, నేను ఒకటే అనుకున్న జబ్బు రెండని. ఆట ఆలస్యంగా తెరుచుకోవడం ఒకటి, ఆడుతుంటే ఆగి ఆగి నత్తి కొట్టడం మరొకటి. రెంటికీ కారణం ఒకటే కావచ్చు, వేరు వేరు కావచ్చు.

తెర మీద కదిలేది నిజానికి కదలదు. సినిమా రీలులాగే బొమ్మ తర్వాత బొమ్మ వస్తుంది. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కొక్కటి 16.7 మిల్లీసెకన్లలో తయారవాలి. ఇక్కడే ఒక మోసం ఉంది. 59 బొమ్మలు పదేసి మిల్లీసెకన్లలో వచ్చి, అరవయ్యోది ఒక్కటే 410 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. కూడితే సరిగ్గా ఒక సెకను. మూల నున్న లెక్క "60" అనే చూపిస్తుంది. మన కంటికి మాత్రం ఆట ఆగినట్టే. సగటు చూసి "మా కంప్యూటరు భేషుగ్గా ఉంది" అనేవాళ్ళు మన హాస్టల్లో కూడా ఉన్నారు. చూడవలసింది సగటు కాదు, అన్నిటికంటే ఆలస్యమైన బొమ్మ.

కార్డు తప్పో కాదో పైసా ఖర్చు లేకుండా తేల్చే పరీక్ష ఒకటుంది. ఆటలో రిజల్యూషను, అంటే బొమ్మలోని చుక్కల సంఖ్య, బాగా తగ్గించి చూడాలి. చుక్కలు తగ్గితే కార్డుకు పని తగ్గుతుంది. అప్పుడు ఆట సాఫీగా నడిస్తే నెపం కార్డుదే. నేను తగ్గించాను. బొమ్మ అలుక్కుపోయినట్టయింది, నత్తి అలాగే ఉంది! సగం పదహారు వేలు అక్కడే మిగిలినట్టనిపించింది.

తర్వాత ఆటను చిన్న కిటికీలో పెట్టి, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడూ ఒకేసారి నొక్కాను. టాస్కు మేనేజరు తెరుచుకుంటుంది. ఎవరెంత పని చేస్తున్నారో అది చెబుతుంది, మన మేస్త్రీ లాగా. ప్రాసెసరు సగం ఖాళీ. మెమరీలోనూ చోటుంది. గ్రాఫిక్సు కార్డు తీరిగ్గానే ఉంది. హార్డు డిస్కు మాత్రం నూటికి నూరు! కారు ఆగిన ప్రతిసారీ అదే.

హార్డు డిస్కంటే లోపల గిర్రున తిరిగే పళ్ళెం. నిమిషానికి 7200 చుట్లు, అంటే చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావాలంటే సగటున సగం చుట్టు ఆగాలి, దానికి 4 పైచిలుకు. ముల్లు సరైన వరస మీదికి జరగడానికి మరో ఎనిమిదో తొమ్మిదో. వెరసి ఒక్క ముక్క వెతకడానికి పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు. ఒక బొమ్మకు మనకున్నది 16.7! ఆటలో ఊరంతా ఒకేసారి మెమరీలో పట్టదు; కారు పోయేకొద్దీ ముందున్న వీధి ముక్కలు ముక్కలుగా డిస్కు నుంచి రావాలి. అది రాకపోతే ఆట ఆగాలి, లేదా రోడ్డు లేకుండా ముందుకు పోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే ముల్లూ లేదు. అందుకే వెతుకులాట మిల్లీసెకనులో చిన్న వంతుకు దిగిపోతుంది. 240 గిగాబైట్లది రెండువేల లోపే వచ్చింది. తోట తీసుకునే ఆయన్ని అడగవలసిన పని లేకపోయింది.

మెమరీ నిండిపోయినా ఇదే అవస్థ వస్తుంది. అందులో పట్టనిదాన్ని విండోసు డిస్కు మీదికి తోసి, కావలసినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. ఆడేముందు బ్రౌజరు మూసేస్తే సగం తీరుతుంది. విండోసు అప్‌డేటు వెనకాల నడుస్తోందేమో కూడా చూసుకోవాలి.

కథ అయిపోయిందనుకున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి నత్తి మళ్ళీ మొదలు! ఈసారి మధ్యాహ్నాలే, అదీ ఆట మొదలెట్టిన పావుగంటకు. పొద్దున్నే ఏమీ లేదు. నిజానికి ఇది తేలికైన చిక్కు. వేళను బట్టి వచ్చే జబ్బు వేడి జబ్బు. ప్రాసెసరు వంద డిగ్రీల చేరువకు వస్తే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మా వేసవి ఎండ సంగతి సరే, కాయ కోతల్లో ట్రాక్టర్లు లేపే దుమ్ము సంగతేమిటి! పెట్టె విప్పితే ఫ్యాను కింద రేకుల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టింది. ప్లగ్గు పీకేసి, ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్షుతో దులిపాను. ఖర్చు సున్నా. లాప్‌టాపుల వాళ్ళు ఇంకొకటి గమనించాలి: కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తుంటే అది వేగం తగ్గించుకోవడం సహజం. అది జబ్బు కాదు.

కొత్త ఆటల్లో మొదటిసారి చూసిన చోటే ఆగి, రెండోసారి ఆగకపోతే కంగారు పడకండి. కార్డుకు అర్థమయ్యే ఆదేశాలు, షేడర్లంటారు, అప్పటికప్పుడు తయారవుతున్నాయన్నమాట. మొదట్లో "షేడర్లు తయారవుతున్నాయి" అని ఆట చెబితే ఓపికగా కూర్చోవాలి. ఇక 'వాలరెంట్' లాంటి నెట్టు ఆటల్లో, మనం చూపు తిప్పితే సాఫీగా తిరుగుతూ ఎదుటివాళ్ళు మాత్రం గెంతుతుంటే తప్పు ఇంటర్నెట్టుది. అంతా బిగుసుకుపోతేనే యంత్రాన్ని అనుమానించాలి.

ఒక్కోసారి మన ఇంట్లో ఏ తప్పూ ఉండదు. జి.టి.ఎ. ఆన్‌లైను తెరుచుకోవడానికి ఏళ్ళ తరబడి నిమిషాలకు నిమిషాలు పట్టేది. 2021 ఫిబ్రవరి ఆఖర్లో 'టోస్ట్' అనే మారుపేరుతో ఒక ప్రోగ్రామరు ఆ గుట్టు విప్పాడు. ఆట మొదట్లో సుమారు 10 మెగాబైట్ల సరుకుల జాబితా చదువుతుంది. అందులో 63,000 పద్దులు. ఒక్కో ముక్క చదివినప్పుడల్లా మిగిలిన జాబితా ఎంత పొడవుందో చివరిదాకా కొలుస్తోంది! మన నున్న మార్కెట్లో గుమాస్తా ఒక కాయ తీసి రాసుకుని, లారీలో మిగిలినవన్నీ లెక్కపెట్టి, అప్పుడు రెండో కాయ తీసినట్టు. అంతటితో ఆగక, రాసుకున్న ప్రతి పద్దునూ అంతకుముందు రాసినవాటన్నిటితో పోల్చి చూస్తోంది. ఆ పోలికలు 198 కోట్ల పైమాటే. ఈ రెండూ సరిదిద్దితే అతని కంప్యూటరులో ఆరు నిమిషాల పని నిమిషం యాభై సెకన్లకు దిగింది. మార్చిలో రాక్‌స్టార్ కంపెనీ ఒప్పుకుని, ఆటను సవరించి, అతనికి పదివేల డాలర్లు బహుమతి ఇచ్చింది. ఈ ఆలస్యం పోతుందని కొత్త కంప్యూటర్లు కొన్నవాళ్ళకు ఎవరేమిచ్చారో నాకు తెలియదు.

హాస్టల్లో ఎవరి కంప్యూటరు నత్తి కొట్టినా ముందు నా గదికి రండి, కలిసి టాస్కు మేనేజరు చూద్దాం. దుమ్ము దులిపే బ్రష్షు కూడా నా దగ్గరుంది. తీసుకెళ్ళినవాళ్ళు తిరిగిస్తే చాలు; ఇది మూడోది.