పాత కిటికీ: మార్చడమా, బాగు చేయించడమా?

ఇల్లు కట్టి ముప్పై, నలభై ఏళ్లు దాటాక కిటికీల సంగతి ముందుకు వస్తుంది. వానాకాలంలో రెక్కలు ఉబ్బి పడవు. ఎండాకాలంలో సందులు తేలి దుమ్ము వస్తుంది. తీసేసి యూపీవీసీ కిటికీలు పెట్టిద్దామనుకుంటారు. దుకాణదారుడు చదరపు అడుగుకు ఇంత అని ఒక ధర చెబుతాడు. ఆ ధర మొత్తం వ్యయంలో ఒక భాగం మాత్రమే.

పాత టేకు కిటికీ చట్రాన్ని గోడ కట్టేటప్పుడే నిలబెట్టి, ఇనుప పట్టీలతో బిగిస్తారు. ఊచలు ఆ చట్రంలోకే దిగి ఉంటాయి. అందువల్ల చట్రం తీస్తే చుట్టూ ప్లాస్టరింగు పగులుతుంది. ఊచలు పోతాయి కనుక కొత్తగా గ్రిల్లు కావాలి. పగిలిన చోట సిమెంటు పూసి, తడిపి, ఆరాక రంగు వేయాలి. ఒక్కచోట వేస్తే అతుకు కనబడుతుంది కాబట్టి గోడంతా వేయిస్తారు. తాపీ మేస్త్రీ, కిటికీ బిగించేవారు, వెల్డరు, పెయింటరు వరుసగా రావాలి. ఒకరు రాకపోతే మిగతావారి పని ఆగుతుంది. ఈ శ్రమ ఏ కొటేషన్‌లోనూ కనిపించదు!

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. (మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి.) నాలుగడుగుల చదరపు కిటికీ, అంటే 16 చదరపు అడుగులు, అడుగుకు రూ. 700 చొప్పున రూ. 11,200. పాతది తీసి చెత్త తరలించడానికి 1,500, ప్లాస్టరింగుకు 2,500, రంగుకు 2,000, గ్రిల్లుకు 3,000. మొత్తం రూ. 20,200. పాత కలప అమ్మితే 2,000 వస్తుందనుకుంటే నికర వ్యయం 18,200. రెక్కలు చిత్రిక పట్టించి, కింది కొయ్య, బందులు మార్పిస్తే 4,500.

కొత్తది 20 ఏళ్లు మన్నితే ఏడాదికి రూ. 910, మరమ్మతు 6 ఏళ్లు నిలిస్తే రూ. 750. తేడా స్వల్పమే అనిపిస్తుంది. కాని ముందుగా పెట్టే అదనపు సొమ్ము రూ. 13,700 మీద 7 శాతం వడ్డీ లెక్కిస్తే ఏడాదికి రూ. 959. ఇది అవకాశ వ్యయం. మరమ్మతుకు ఏడాదికి పడే ఖర్చు కంటే ఈ వడ్డీయే ఎక్కువ.

‘పోయినేడే రంగులు వేయించాం, ఇప్పుడెలా తీస్తాం?’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. అది మునిగిన వ్యయం, ఏ నిర్ణయం తీసుకున్నా తిరిగి రాదు. తాతగారు కొన్న టేకుకైనా నేడు పలికే ధరనే లెక్కలోకి తీసుకోవాలి.

రోడ్డు పక్క ఇంటివారికి చప్పుడు, దుమ్ము తగ్గడం నిజమైన ప్రయోజనమే. అయితే రెండు పట్టాల మీద జరిగే రెక్కల కిటికీ ఒకేసారి సగమే తెరుచుకుంటుంది. కోస్తా ఉక్కపోతలో ఇది చిన్న నష్టం కాదు.

చట్రానికి చెదలు పడితే మాత్రం పై లెక్క తారుమారవుతుంది. చట్రం అడుగు మూలల్లో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. సులువుగా దిగితే మరమ్మతు డబ్బు దండగ. అప్పుడు పాడైన కిటికీలన్నీ ఒకేసారి, వానలకు ముందే మార్పించడం మేలు. విడివిడిగా చేస్తే ప్రతిసారీ ఆ పనివాళ్లందరినీ మళ్లీ పిలవాల్సి వస్తుంది.