సబ్సిడీ తగ్గితే విద్యుత్ స్కూటర్ ఆగిందా?

విద్యుత్ వాహనాల విధానం ఫలించిందో లేదో తేల్చాలంటే సబ్సిడీ పొందిన వాహనాలను లెక్కపెడితే సరిపోదు. సబ్సిడీ లేకపోయినా వాటిలో ఎన్ని అమ్ముడయ్యేవన్నదే అసలు ప్రశ్న. 2023 జూన్‌లో వచ్చిన ఒక మార్పు దీన్ని పరిశీలించే అవకాశం కల్పించింది.

కేంద్ర ప్రభుత్వం 2015లో 'ఫేమ్' పథకాన్ని, 2019లో రూ.10,000 కోట్లతో దాని రెండో దశను ప్రారంభించింది. 2021 జూన్‌లో ద్విచక్ర వాహనాల రాయితీని బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు రూ.15,000కు పెంచింది. గరిష్ఠ పరిమితి వాహనం ధరలో 40 శాతం. 2023 జూన్ 1 నుంచి అవి రూ.10,000కు, 15 శాతానికి తగ్గాయి.

మే నెలలో లక్ష దాటిన అమ్మకాలు జూన్‌లో సగానికంటే తక్కువకు పడిపోయాయి. అయితే ఈ పతనమంతా రాయితీ కోత ఫలితమే కాదు. ధర పెరుగుతుందని తెలిసి చాలామంది మేలోనే కొనేశారు. అందుకే ఏడాది మొత్తం చూడాలి. 2022-23లో సుమారు 7.3 లక్షలున్న అమ్మకాలు 2023-24లో సుమారు 9.5 లక్షలకు చేరాయి. రాయితీ తగ్గినా మార్కెట్ ఆగలేదు, కానీ కుదుపుకు లోనైంది.

ఈ-రిక్షాలది మరో కథ. లెడ్-యాసిడ్ బ్యాటరీలతో నడిచే వాటికి ఫేమ్ రెండో దశలో రాయితీ లేదు. అయినా ఉత్తరాది పట్టణాల్లో అవి విస్తరించాయి. రోజంతా తిరిగే బండికి ఇంధనంపై మిగిలే డబ్బే పెద్ద ప్రోత్సాహం.

పొగ తగ్గిందా?

దేశంలో విద్యుత్తులో దాదాపు మూడొంతుల భాగం బొగ్గు నుంచే వస్తోంది. ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 100 కిలోమీటర్లకు 3 యూనిట్లు వాడే స్కూటర్ వాటా దాదాపు 2 కిలోలు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు స్కూటర్‌ది దాదాపు 5 కిలోలు. అంటే విద్యుత్ స్కూటర్ నడిచినంత కాలం లాభమే. బ్యాటరీ తయారీలో వెలువడేది మాత్రం ఈ లెక్కలో లేదు.

రాష్ట్రాల రాయితీలు కూడా తోడవడంతో ఏ ఫలితం ఎవరిదో విడదీయడం కష్టం. ఉదాహరణకు తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది.

2024 అక్టోబరులో మొదలైన 'పీఎం ఈ-డ్రైవ్' పథకం స్కూటర్ల రాయితీని తొలి ఏడాది కిలోవాట్ అవర్‌కు రూ.5,000గా, మరుసటి ఏడాది రూ.2,500గా నిర్ణయించింది. మొత్తం రూ.10,900 కోట్లలో పెద్ద వాటా, రూ.4,391 కోట్లు, బస్సులకు దక్కింది. రాయితీ లేకున్నా నిలబడగల వాహనాలపై వెచ్చించే ప్రతి రూపాయీ ఇలాంటి బస్సులకు, ఛార్జింగ్ కేంద్రాలకు దూరమయ్యే రూపాయే. విధానాన్ని సరిగ్గా కొలవాల్సిన అవసరం అక్కడే ఉంది.