మంచు తప్పింది సరే, మందుల మాటేమిటి?

సంక్రాంతికి నెల ముందునుంచే కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో తాళాలు వేసి వున్న కొన్ని మేడల తలుపులు తెరుచుకుంటాయి. అమెరికాలో దశాబ్దాలపాటు వుద్యోగాలు చేసి రిటైరైన పెద్దలు అక్కడి చలికాలం తప్పించుకోవడానికి సొంతవూరు చేరుకుంటారు. మార్చిలో ఎండ ముదిరేసరికి తిరుగు ప్రయాణం కడతారు. ఈ రాకపోకలకు స్వస్తి చెప్పి ఇక్కడే వుండిపోదామని ఆలోచించేవారూ వున్నారు. ఆలోచన మంచిదే. అయితే చలి ఒక్కటే చూసుకుని వేసే లెక్క కాదిది.

1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి ఆసియావాసులకు దారి ఇచ్చింది. ఆ తర్వాత గుంటూరు, విశాఖపట్నం, కాకినాడ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు, వారి వెనుక ఇంజనీర్లు తరలివెళ్ళారు. చికాగో, డెట్రాయిట్ వంటి ఉత్తరాది నగరాల్లో ఎందరో స్థిరపడ్డారు. అప్పట్లో పాతికేళ్ళ యువకులు ఇప్పుడు డెబ్భై అయిదు, ఎనభై దాటిన వృద్ధులు.

అప్పుడు వేడుక, ఇప్పుడు భయం

వయసులో వున్నప్పుడు మంచు వేడుకగానే వుంటుంది. మోకాళ్ళు మొరాయించే వయసులో అదే మంచు భయపెడుతుంది. మినియాపొలిస్ నగరంలో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత సున్నాకు దాదాపు 9 డిగ్రీలు దిగువన వుంటుంది. చాలా పట్టణాల్లో ఇంటిముందు కాలిబాటపై పడిన మంచును ఇంటివారే తీసివేయాలి. గుండెజబ్బు వున్నవారు పార పట్టి మంచు ఎత్తడం ప్రమాదమని డాక్టర్లు హెచ్చరిస్తారు. గడ్డకట్టిన నేలపై కాలు జారితే తుంటి ఎముక విరిగి మంచం పట్టినట్లే. డిసెంబరులో చికాగోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగూకుతుంది. కారు నడపలేనివారు నెలల తరబడి నాలుగు గోడల మధ్యే గడపాలి. అదే జనవరిలో బెజవాడలో పగలు 30 డిగ్రీల దాకా వుంటుంది. పొద్దున్నే చెప్పులు తొడుక్కుని చెరువుగట్టు దాకా నడిచి రావచ్చు.

అమెరికన్లు సైతం చలికాలంలో ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాలకు పోతారు. వీరిని అక్కడ 'స్నోబర్డ్స్', అంటే మంచు పక్షులు అంటారు. తెలుగువారిలోనూ ఆ బాట పట్టినవారున్నారు. అక్కడి కష్టాలు అక్కడివి. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ తీరాన్ని ధ్వంసం చేసింది. 2023 వేసవిలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులపాటు ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటింది. అయినా అక్కడికి వెళ్ళినవారికి ప్రభుత్వ వైద్యబీమా వెంటే వుంటుంది. గుంటూరు వచ్చినవారికి వుండదు.

వైద్యమే అసలు ముడి

అమెరికాలో 65 ఏళ్ళు నిండినవారికి మెడికేర్ అనే ప్రభుత్వ వైద్యబీమా వున్నది. ఏవో కొద్ది సందర్భాల్లో తప్ప దేశం వెలుపల చేయించుకున్న వైద్యానికి అది డబ్బు చెల్లించదు. ఇక్కడికి వచ్చేశాం గదా అని డాక్టరు ఖర్చులకు సంబంధించిన 'పార్ట్ బి' ప్రీమియం ఆపివేస్తే, తిరిగి చేరదలచినప్పుడు చిక్కు వస్తుంది. మానుకున్న ప్రతి పన్నెండు నెలలకు ప్రీమియంపై పది శాతం చొప్పున అదనపు భారం పడుతుంది. ఆ భారం సాధారణంగా జీవితాంతం మోయవలసిందే.

ఇక్కడ బీమా తీసుకుందామంటే 2024లో వయోపరిమితి నిబంధన తొలగిపోయింది. 65 దాటినవారికి కూడా కంపెనీలు పాలసీలు ఇవ్వవచ్చు. అయితే అప్పటికే వున్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఎదురుచూడవలసి రావచ్చు. బి.పి., షుగరు లేనివారు ఈ వయసులో అరుదు. కనుక రాకకు రెండు మూడేళ్ళు ముందే బీమా సంగతి విచారించుకోవడం వివేకం. పెద్ద వైద్యం కోసం హైదరాబాదు పరుగెత్తవలసిన అవసరం మాత్రం కొంత తగ్గింది. మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుంచి ఓ.పి. సేవలు అందుతున్నాయి.

కాగితాలు, పొలాలు

కొల్లేటికి వచ్చే వలస పక్షులకు పాస్‌పోర్టు అక్కరలేదు. మనుషులకు కావాలి. అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నవారు ఓ.సి.ఐ. కార్డుతో ఇక్కడ ఎన్నాళ్ళయినా వుండవచ్చు. ఈ పథకాన్ని 2006 జనవరిలో హైదరాబాదులోనే ప్రారంభించారు. కార్డు వున్నా ఓటు లేదు. తండ్రి తాతలనుంచి సంక్రమించిన పొలం వుంచుకోవచ్చు గాని కొత్తగా సెంటు భూమి అయినా సాగుకు కొనడానికి వీల్లేదు. పదవీ విరమణ తర్వాత మామిడితోట వేసుకోవాలని కలలు కనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. పౌరసత్వం లేక గ్రీన్‌కార్డుతో వున్నవారు ఏడాదికి మించి ఇక్కడ వుండదలిస్తే, బయలుదేరకముందే అక్కడ రీఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. లేనిపక్షంలో ఆ కార్డుకే ముప్పు రావచ్చు.

ఇక మన వేసవి సంగతి. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రాలలో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా మరణించారు. వారిలో వృద్ధులు అనేకులు. ఏ.సి. వున్నా కరెంటు పోతే ఆ పూట గడవడం కష్టం.

అన్నింటికన్నా పెద్ద ప్రశ్న తోడుకు సంబంధించినది. పిల్లలు, మనుమలు అక్కడే వున్నారు. వూళ్ళో వెనకటి స్నేహితులు కొందరు గతించారు, కొందరు పట్నాలు చేరారు. దంపతులిద్దరూ వున్నంతకాలం సాఫీగా సాగే బతుకు, ఒకరు దాటిపోతే రెండోవారికి బరువవుతుంది. ఆ రోజున ఎవరు దగ్గరుండాలి, ఎక్కడ వుండాలి అన్న విషయం పిల్లలతో కూర్చుని ముందే మాట్లాడుకోవడం అవసరం.

అందుచేత అక్కడి ఇల్లు అమ్మకుండా, బీమా మానకుండా మొదట ఆరేడు నెలలు వచ్చి వుండి చూడడం మేలు. సంక్రాంతి ముగ్గులు, గొబ్బెమ్మలు చూసి మురిసిపోయి నిర్ణయం చేసుకోకుండా, ఒక రోహిణికార్తె కూడా ఇక్కడే గడిపి చూడాలి. అప్పటికీ వూరు ముద్దనిపిస్తే నిశ్చింతగా వుండిపోవచ్చు.