పాత బండికి పది చేతుల తోడు

నిజామాబాద్: కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మోటారు బండ్ల విషయంలో మాత్రం ఈ సామెత తిరగబడింది. ఎనభై, తొంభై ఏళ్ల కిందటి కారు రోడ్డు మీదికి వస్తే చాలు, పక్కన పోతున్న కొత్త కారును చూసే నాథుడు వుండడు. ఇలాంటి బండ్లను కాపాడుకునేందుకు దేశంలోని పెద్ద పట్టణాల్లో సంఘాలు వెలిశాయి. హైదరాబాద్‌లో డెక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్ అసోసియేషన్ అలాంటిదే.

ఇవి డబ్బున్న వారి సరదా సంఘాలని చాలామంది అనుకుంటారు. సరదా వున్న మాట నిజమే. అయితే డబ్బు ఒక్కటే పాత బండిని నడిపించలేదు. విడి సామాను ఒకరి దగ్గర, పనితనం ఇంకొకరి దగ్గర, బండితో వచ్చిన పాత పుస్తకం మరొకరి దగ్గర వుంటాయి. ఈ ముగ్గురూ ఒకచోట కలిస్తేనే ఇంజను పలుకుతుంది.

చెరుకు పండించిన బోధన్ ప్రాంతానికి ఈ సంగతితో ఏం పని అనిపించవచ్చు. పని వుంది. వూళ్లలో కొట్టాల కింద, పశువుల పాకల పక్కన పాత జీపులు, అంబాసిడర్లు, రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు దుమ్ము పట్టి పడి వుంటాయి. చివరికి అవి ఏదో ఒకనాడు పాత ఇనుప సామాన్ల వారి కాటా ఎక్కుతాయి. ఇనుము ధర కట్టి ఇచ్చేస్తే, బండితోపాటు ఆ ఇంటి చరిత్ర కూడా కరిగిపోతుంది.

నైజాం రైల్వే ఫైరింజను

పాత బండి ఎంతకాలం బతకగలదో చెప్పడానికి మన ప్రాంతానికి చుట్టమైన బండి ఒకటి వుంది. నిజామాబాద్ మీదుగా సికిందరాబాద్ నుంచి మన్మాడ్ దాకా రైలు మార్గం వేసింది నైజాం పాలనలోనే. ఆ నైజాం రైల్వే వారు మంటలు ఆర్పేందుకు ఇంగ్లండు నుంచి ఒక ఫైరింజను తెప్పించుకున్నారు. 1914 నాటి ఆ బండిని తయారు చేసింది జాన్ మోరిస్ అండ్ సన్స్ అనే కంపెనీ.

ఆ ఫైరింజను ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం ఆస్తి. అద్దాల గదిలో బొమ్మలా నిలబెట్టలేదు. స్టేట్స్‌మన్ పత్రిక ఢిల్లీలో 1964లో మొదలుపెట్టిన పాత కార్ల ర్యాలీలో అది ఎన్నోసార్లు పాల్గొన్నది, బహుమతులు కూడా గెలుచుకున్నది. నూరేళ్లు దాటిన బండి స్వయంగా కదిలి జనం మధ్యకు వచ్చిందంటే దాని వెనుక ఎందరి చేతులు పడి వుంటాయో వూహించుకోవచ్చు.

రాజు గారి కారు, ప్రజల బస్సు

హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు పచ్చని రోల్స్ రాయిస్ కారు వుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని 1911లో ఆర్డరు చేశారు. అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. కారు వచ్చాక అది ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కింది. సింహాసనం లాంటి సీటు వున్న ఆ కారును వేడుకలకే వాడారు. అది మొత్తం తిరిగింది 356 మైళ్లేనని లెక్క. అంటే దాదాపు 570 కిలోమీటర్లు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కు మూడుసార్లు పోయినంత దూరం.

రాజు గారి కారు అలా వుండగా, జనం ఎక్కిన బండి కథ వేరు. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో తయారయ్యేవి. వాటిలో ఒకదాన్ని ఆర్టీసీ వారు భద్రపరిచారు. దాని పేరు డెక్కన్ క్వీన్. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని పెద్దలు చెప్పుకుంటారు.

ఈ రెండు బండ్లలో చూసేందుకు జనం ఎగబడేది రాజు గారి కారునే. కాని తాతలు టికెట్టు కొనుక్కొని ఎక్కిన బస్సు కూడా మిగలడం అంతకంటె తక్కువ సంగతి కాదు. పాత బండి అంటే కోటీశ్వరుల కారే కానవసరం లేదు.

సంఘాల్లో జరిగేదేమిటి

పాత బండ్ల సంఘాలు మొదట పుట్టింది విదేశాల్లో. ఇంగ్లండులో 1930లో వెటరన్ కార్ క్లబ్, అమెరికాలో 1935లో యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఏర్పడ్డాయి. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా జరిగే కార్ల యాత్ర వీటన్నిటికీ పెద్దన్న వంటిది. 1896 నవంబరులో జరిగిన తొలి యాత్రకు గుర్తుగా దీన్ని 1927లో మళ్లీ మొదలుపెట్టారు. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో చోటు. అది పందెం కాదు. ముందు చేరిన వారికి కప్పు లేదు. చేరడమే గొప్ప.

మన దేశంలోని సంఘాలూ ఇదే బాటలో నడుస్తున్నాయి. సెలవు రోజున తెల్లవారుజామున సభ్యులు ఒకచోట చేరతారు. బానెట్లు ఎత్తి ఒకరి ఇంజను ఒకరు చూస్తారు. టీ తాగుతారు. తర్వాత వరుసగా షికారు బయలుదేరుతారు. దారిలో ఏ బండీ ఆగకుండా యాత్ర ముగిసే రోజులు తక్కువే. ఒక బండి ఆగితే మిగతావారూ ఆగుతారు. ఒకరు ప్లగ్గు విప్పుతారు, ఇంకొకరు తన డిక్కీలోంచి వైరు తీసి ఇస్తారు, మిగిలినవారు వెనక నుంచి ధక్కా ఇస్తారు. అక్కడ డాక్టరు, వ్యాపారి, మిస్త్రీ అన్న తేడా వుండదు. చేతికి గ్రీజు అంటితే అందరిదీ ఒకటే రంగు.

పోటీల్లో మెరుపు ఒక్కటే చూడరు. బండి పుట్టినప్పుడు వున్న భాగాలు ఎన్ని మిగిలాయి, దీపాలు, మీటర్లు, హారను నాటివేనా, స్వయంగా నడుస్తోందా అన్నది పరీక్షిస్తారు. పాత జీపుకు కొత్త డీజిల్ ఇంజను బిగించి రంగులు వేస్తే చూపుకు బాగుంటుంది. పాత బండిగా మాత్రం దాని విలువ పడిపోతుంది.

బోధన్ ఆల్కహాలు

చెరుకుకూ మోటారు బండికీ వున్న చుట్టరికం ఈనాటిది కాదు. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని ఒకనాడు పేరు పొందింది. చెరుకు రసంలో చక్కెర తీశాక మిగిలే నల్లని పాకమే మొలాసిస్. దాన్ని పులియబెట్టి, కాచి పవర్ ఆల్కహాలు తీసేవారు. పెట్రోలులో కలిపి బండ్లకు వాడే ఇంధనం అది. దేశం మొత్తానికి 1948లో పవర్ ఆల్కహాలు చట్టం వచ్చింది. ఈ రోజు ఇథనాల్ అని గొప్పగా చెప్పుకుంటున్నది ఆ పాత సరుకే.

చక్కెర ఫ్యాక్టరీ వున్నచోట పనిముట్ల విద్య కూడా వుంటుంది. గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలమంతా రోలర్లు, బేరింగులు, పంపులు, బాయిలర్లు విప్పి బాగు చేసుకునే పని. లేతు మీద బుష్ కోయడం, ఇత్తడి పోత పోయడం, వెల్డింగు, అరిగిన షాఫ్టును మళ్లీ సైజుకు తేవడం వంటివన్నీ ఆ పనిలో భాగం. పాత కారుకు కావలసినది సరిగ్గా ఈ విద్యే. కంపెనీ మూతబడి సామాను దొరకని బండికి లేతు మిషనే కంపెనీ.

ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు మూడింటికీ లేఆఫ్ ప్రకటించారు. రైతులకు, కార్మికులకు జరిగిన నష్టం అందరికీ తెలిసిందే. దానితోపాటు చేతిపని నేర్చుకునే చోటు ఒకటి పోయిందన్న సంగతి అంతగా చర్చకు రాలేదు.

మిస్త్రీతో పోయే విద్య

ఇప్పటి బండికి కంప్యూటరు పెట్టి రోగం కనిపెడతారు. పాత బండికి చెవి పెట్టి కనిపెట్టాలి. పాయింట్ గ్యాపు సరిచేయడం, కార్బొరేటరు విప్పి జెట్టు శుభ్రం చేయడం, వాల్వులు గ్రైండు చేయడం, హ్యాండిలు కొట్టి ఇంజను లేపడం ఇవన్నీ చేతి మీదుగా వచ్చిన విద్యలు. ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ నేర్చుకున్నవే తప్ప పుస్తకంలో చదివినవి కావు. అలాంటి మిస్త్రీలకు వయసు మళ్లింది. వారి పిల్లలు వేరే పనుల్లో కుదురుకున్నారు. కారును కొట్టంలో దాచవచ్చు గాని విద్యను దాచలేం. వాడితేనే నిలుస్తుంది.

పాత బండ్ల సంఘాల అసలు మేలు ఇక్కడే వుంది. వాటి వల్ల మిస్త్రీకి పని దొరుకుతుంది, గౌరవం దక్కుతుంది. పక్కన ఒక కుర్రవాడు నిలబడి చూడటానికి కారణం దొరుకుతుంది.

చట్టం ఏమంటోంది

పాత బండ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి వుండరాదు. ట్రాక్టర్లకు, లారీలకు ఇది వర్తించదు.

ఫారం 20లో దరఖాస్తు చేసుకోవాలి. బీమా కాగితం, పాత ఆర్‌సీ జతపరచాలి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే రుసుము రూ.20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత మళ్లీ చేయించుకునేందుకు రూ.5 వేలు. కొత్తగా నమోదయ్యే వాటికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. ఇదివరకే నంబరు వున్న బండి తన పాత నంబరునే వుంచుకోవచ్చు.

ఈ చివరి మాట విలువైనది. జిల్లా బండ్ల నంబరు 1989 తర్వాత ఏపీ 25 అయింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో టీఎస్ 16 అయింది. 2024 నుంచి టీజీ 16గా మారింది. అంతకు ముందరి పాత నంబరు పలక ఇంకా వున్న బండి అంటే అదే ఒక చరిత్ర కాగితం.

ఒక హెచ్చరిక కూడా వుంది. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కించాలి. అందువల్ల రోజూ పొలానికి తిప్పుకునే జీపును తొందరపడి ఈ పద్దులో చేర్చుకోవద్దు. అలాంటి బండికి మామూలు రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవడమే మేలు.

కొత్త పెట్రోలుతో జాగ్రత్త

ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు 2025 నాటికి దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. చెరుకు రైతుకు, మొక్కజొన్న రైతుకు ఇది మంచి మాటే. పాత బండికి మాత్రం కొంత చిక్కు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలిచి వుంటే నీరు టాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బి పగుళ్లు వస్తాయి. కార్బొరేటరులో మడ్డి చేరుతుంది.

దీనికి మందు కష్టమైనది కాదు. బండిని నిలిపి వుంచేటట్టయితే టాంకు ఖాళీ చేయాలి. రబ్బరు పైపులను ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చాలి. వారానికి ఒకసారయినా ఇంజను స్టార్టు చేసి కాస్త దూరం తిప్పాలి. పైపు కారుతున్నదేమో చూడకుండా మాత్రం సెల్ఫు కొట్టవద్దు. పెట్రోలు కారి నిప్పంటుకునే ప్రమాదం వుంది.

నలుగురు కలిస్తే

నిజామాబాద్, బోధన్ వైపు ఇలాంటి కూటమి పెట్టుకోవడానికి పెద్ద భవనం, పెద్ద చందా అక్కరలేదు. బండి వున్నవారు నలుగురు, చేతిపని తెలిసిన ఉస్తాద్ ఒకరు, లేతు షెడ్డు ఒకటి చాలు. నెలకు ఒక ఆదివారం కలుసుకుని ఎవరి దగ్గర ఏ బండి వుందో, ఏ సామాను మిగిలి వుందో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే సగం పని అయినట్లే. షికారుకు చోటు వెతకనవసరం లేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కట్ట వుంది. మంజీర వచ్చి గోదావరిలో కలిసే కందకుర్తి వుంది.

అందాకా ప్రతి ఇంటివారూ చేయగలిగిన పని ఒకటి వుంది. పాత ఆర్‌సీ పుస్తకం, బీమా కాగితాలు, బండితో వచ్చిన పానాలు, తాళం చెవులు, పక్కన తీసి పెట్టిన పాత దీపం ఏదీ పారేయవద్దు. కాగితాలు వున్న బండికి ఒక విలువ, లేని బండికి ఇంకో విలువ. కాటా వేసేవారు వాకిట్లోకి వచ్చినప్పుడు ముందు వూళ్లోని పాత మిస్త్రీని పిలిచి ఒకసారి చూపించాలి. ఇనుమును ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. కరిగిన బండిని మళ్లీ కట్టడం మాత్రం ఏ ఉస్తాద్ వల్లా కాదు.