ఒక పూట తప్పితే దినమంతా పోయినట్లేనా?

మోకిల నుండి మొయినాబాద్, చేవెళ్ళ వరకు వ్యాపించిన ప్రాంతం చాలాకాలంగా హైదరాబాదు నగరానికి కూరగాయలు, ఆకుకూరలు పంపుతున్నది. ఇక్కడి మెట్టభూముల పంట జొన్న; జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర ఇక్కడి పాత భోజనం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తర్వాత పేదల ఇళ్ళలో సైతం రొట్టె స్థానాన్ని అన్నం ఆక్రమించింది. ఆ పిమ్మట నగరమే ఇటు నడిచి వచ్చింది. 2023లో హెచ్.ఎం.డి.ఏ. మోకిలలో ఇళ్ళస్థలాలను వేలం వేసింది. రోడ్ల వెంట ఫంక్షన్ హాళ్ళు వెలిశాయి. పెళ్ళిళ్ళ కాలంలో ఒకే వారంలో రెండు వలీమాలకు పిలుపు రావడం వింత కాదు.

భోజనంలో నియమం పాటించదలచిన వ్యక్తికి అసలు పరీక్ష అక్కడే ఎదురవుతుంది. ఒక మధుమేహ రోగి మూడు వారాలపాటు అన్నం తగ్గించి, తీపి మానుకొని, సాయంకాలం నడక సాగించాడనుకుందాం. వలీమాలో బిర్యానీ రెండవసారి వడ్డించుకున్నాడు. ఆ తర్వాత ఖుబానీ కా మీఠా కూడా కాదనలేకపోయాడు. ఇంటికి వచ్చి "ఎలాగూ చెడిపోయింది, వచ్చే శుక్రవారం నుండి మళ్ళీ మొదలుపెడదాం" అనుకుంటాడు. ఆ శుక్రవారం వరకు పరాఠాలు, చక్కెర దట్టించిన చాయ్ యథేచ్ఛగా సాగుతాయి. ఇది చిన్న విషయమని తోసివేయడానికి వీల్లేదు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్య సుమారు 10 కోట్ల 10 లక్షలు.

ఇక్కడ హాని చేసినది ఏది? విందు చేసిన హాని కొంచెం. "ఎలాగూ చెడిపోయింది" అనే మాట చేసిన హాని ఎక్కువ. ఈ సంగతి పరిశోధనలలో కూడా తేలింది. 1975లో హర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థినులకు మొదట మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత రుచి చూడమనే నెపంతో ఐస్‌క్రీం వారి ముందుంచారు. తిండి విషయంలో ఆంక్షలేవీ పెట్టుకోనివారు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీం తక్కువగా తిన్నారు. నిత్యం పథ్యం పాటించేవారు మాత్రం తాగిన తర్వాతనే ఎక్కువ తిన్నారు! కట్ట ఒకచోట తెగింది గనుక ఇక నీటిని ఆపి ప్రయోజనమేమిటన్నదే వారి ధోరణి.

శరీరం లెక్క వేరు. ఒక కిలో కొవ్వు పేరుకోవడానికి సుమారు 7,700 కేలరీలు అదనంగా కావాలి. విందులో 1,500 కేలరీలు ఎక్కువైనా, అదంతా కొవ్వుగా మారినా, పెరిగేది దాదాపు 200 గ్రాములే. మరి మరునాటి ఉదయం తూకంలో కిలోన్నర ఎక్కువ కనిపిస్తుందేమిటి? అందులో చాలా భాగం నీరు. ఉప్పు నీటిని నిలుపుతుంది. శరీరం దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. మామూలు భోజనానికి మళ్ళిన కొద్ది రోజులలో ఆ నీరు దిగిపోతుంది. అలాగే హెచ్‌బిఎ1సి పరీక్ష సుమారు మూడు నెలల రక్తచక్కెర సగటును చూపుతుంది. ఒక రాత్రి దానిని కదిలించేది స్వల్పం. ఆ రాత్రి తర్వాత వదిలేసిన మూడు వారాలు దానిని బాగా కదిలిస్తాయి.

మన ధర్మశాస్త్రం ఎరిగినవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. రమజాన్ పగటివేళ ఎవరైనా మరచిపోయి తిన్నా, తాగినా, అది అల్లాహ్ తినిపించిందిగా భావించి ఉపవాసాన్ని పూర్తి చేయాలని దైవప్రవక్త (స) బోధించారు. బుద్ధిపూర్వకంగా భంగపరచినవాని మాటేమిటి? అతని ఉపవాసం పోయింది. దాని ఖజా ఉంది, హనఫీ మతం ప్రకారం కఫ్ఫారా కూడా ఉంది. అయినా మిగిలిన పగలంతా యథేచ్ఛగా తినడానికి అతనికి అనుమతి లేదు. సూర్యాస్తమయం వరకు అన్నపానీయాలకు దూరంగా ఉండవలసిందే. దీనినే ఇమ్సాక్ అంటారు. మధ్యాహ్నం ఇల్లు చేరిన ప్రయాణికునికి కూడా హనఫీ విద్వాంసులు ఇదే విధించారు. ఉపవాసం చెడింది గాని దినం చెడలేదన్నమాట!

అయితే ఒక జాగ్రత్త అవసరం. వలీమాలో ఒక పళ్ళెం ఎక్కువ తినడాన్ని ఉపవాస భంగంతో సమానమైన పాపంగా ఎవరూ భావించరాదు. మితిమీరవద్దని దివ్య ఖుర్ఆన్ (7:31) హెచ్చరించిన మాట నిజమే. పోలిక మాత్రం ఒక్క విషయంలోనే: జరిగిన లోపం మిగిలిన సమయానికి ఉన్న విలువను రద్దు చేయదు. పథ్యంలో పొరపాటును మహాపాపంగా తలచి కుమిలిపోయేవాడే తరచుగా మరొక పళ్ళెం ముందు కూర్చుంటాడు.

కనుక మళ్ళీ దారిలో పడవలసింది శుక్రవారం కాదు, ఒకటవ తేదీ కాదు, తరువాతి పూట. విందు నుండి లేచాక పది పదిహేను నిమిషాలు నడిస్తే రక్తంలో చక్కెర పెరుగుదల కొంత తగ్గుతుంది. మరునాడు అలవాటైన సమయానికి అలవాటైన భోజనం: రొట్టె, పప్పు, ఈ నేలలోనే పండిన ఆకుకూర. ప్రాయశ్చిత్తంగా రోజంతా పస్తుండడం మంచి పద్ధతి కాదు. సాయంకాలానికి ఆకలి రెట్టింపై మరో అతిభోజనానికి దారితీస్తుంది. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికైతే అది ప్రమాదకరం కూడా. చక్కెర 70 కంటే తగ్గి స్పృహ తప్పవచ్చు.

పదే పదే తప్పుతున్నవారు తమ సంకల్పాన్ని నిందించుకునే ముందు తమ నియమాన్ని పరిశీలించాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ప్రతిదినం ఉపవాసం ఉండదలిస్తే దైవప్రవక్త (స) నెలకు మూడు చాలునన్నారు. ఆయన ఇంకా ఎక్కువ కావాలని పట్టుబట్టి చివరకు దినం విడిచి దినం ఉపవాసానికి అనుమతి పొందారు. వార్ధక్యంలో మాత్రం, ఆ సడలింపును స్వీకరించి ఉంటే బాగుండేదని ఆయనే అనుకున్నారు. తీపి జన్మలో ముట్టనని ఒట్టుపెట్టుకునేవానికంటే, విందులో ఒక గరిటె మీఠాతో ఆగేవాని నియమం ఎక్కువకాలం నిలుస్తుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు స్థిరపడడానికి 18 నుండి 254 రోజుల వరకు పట్టవచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ అలవాటు చెప్పుకోదగినంతగా వెనుకబడలేదు.

రమజాన్ విషయం ప్రత్యేకం. ఇఫ్తార్‌లో మిర్చిబజ్జీలు, ఆపై హలీం, తరావీహ్ తర్వాత మళ్ళీ భోజనం — ఇక్కడ తప్పేది ఒక పూట కాదు, నెల మొత్తం. మధుమేహ రోగులు రమజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుణ్ణి సంప్రదించాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అంటే మందుల వేళలు, సహరీ, ఇఫ్తార్ల కొలత రజబ్ మాసంలోనే నిర్ణయించుకోవాలి.