ప్రత్యర్థికి పానా అందించే పోటీ

అమెరికాలో హైస్కూలు విద్యార్థుల రోబో పోటీలనగానే ముందుగా గుర్తొచ్చేది ‘ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్’. సెగ్‌వే వాహనాన్ని కనిపెట్టిన డీన్ కేమెన్ 1989లో ‘ఫస్ట్’ సంస్థను స్థాపించారు. ఆటగాళ్లకు మోగే చప్పట్లు సైన్సు పిల్లలకూ మోగాలన్నది ఆయన పట్టుదల. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ ఆయనకు తోడయ్యారు. పెట్టెడు విడిభాగాలిచ్చి, వాటితో యంత్రం చేసి పోటీపడమనే పాఠంతో ఫ్లవర్స్ అప్పటికే పేరు తెచ్చుకున్నారు. తొలి పోటీ 1992లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం మాంచెస్టర్‌లో, ఓ హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో జరిగింది. బరి నిండా మొక్కజొన్న గింజలు పరిచి, వాటిమీద నడుస్తూ టెన్నిస్ బంతులు ఏరే రోబోలు చేయమన్నారు.

ఆట ఏటా మారుతుంది. జనవరి మొదట్లో నిబంధనలు ప్రకటించేదాకా ఏ జట్టుకూ వాటి జాడ తెలియదు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే డిజైన్, అల్యూమినియం కోత, వైరింగ్, ప్రోగ్రామింగ్ అన్నీ అయిపోవాలి. ఒకప్పుడు ఆరు వారాలు దాటగానే రోబోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి సీలు వేసేవారు. ఆ గడువు అందరికీ ఒకటే అయినా, స్తోమత ఉన్న జట్లు రెండో రోబో చేసుకుని సాధన కొనసాగించేవి. 2020 నుంచి ఆ నిబంధన ఎత్తేయడం సరైన నిర్ణయమే.

2025 ఆట ‘రీఫ్‌స్కేప్’ చూస్తే బరిలో ఏం జరుగుతుందో తెలుస్తుంది. బ్యాటరీ, బంపర్లు కాక 52 కిలోల వరకు బరువుండే రోబోలు మూడేసి చొప్పున ఎర్ర కూటమిగా, నీలి కూటమిగా దిగుతాయి. మొదటి 15 సెకన్లు వాటిని ఎవరూ నడపరు. ముందే రాసిన ప్రోగ్రామే దిక్కు. ఆపై 2 నిమిషాల 15 సెకన్లు విద్యార్థులు నడుపుతారు. పగడాలుగా భావించే ప్లాస్టిక్ గొట్టాలను నాలుగు అంచెల దిబ్బ మీద అమర్చాలి, నాచు ఉండలుగా భావించే పెద్ద బంతులను తీసి వేరే చోట వేయాలి, చివర్లో వేలాడే బోనును పట్టుకుని నేల విడిచి పైకి లేవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. అర్హత మ్యాచ్‌లో రెండు కూటములూ బంతులు వేసేందుకు ఉన్న తమ తమ గూటిలో రెండేసి వేస్తే, గొట్టాలకిచ్చే ర్యాంకింగ్ పాయింటు కోసం నాలుగు అంచెలూ నింపనక్కర్లేదు, మూడు చాలు. ఆ వెసులుబాటు ఇద్దరికీ దక్కుతుంది. పోటీపడుతూనే సాయపడమని నిబంధనే చెబుతోందన్నమాట.

ఆ స్వభావం, రోబోలను సరిచేసుకునే పిట్‌లో మరీ స్పష్టం. ప్రతి జట్టుకూ ఓ చిన్న చోటు ఉంటుంది. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య 12 వోల్టుల బ్యాటరీ మార్చాలి, కూటమి రంగును బట్టి బంపర్లు మార్చాలి, వదులైన చైను బిగించాలి. మోటారు కాలిపోతే ఆ సంగతి మైకులో చెబుతారు. మరుసటి మ్యాచ్‌లో ఎదురుపడబోయే జట్టే మోటారు పట్టుకొచ్చి, పానా తీసి బిగించడం అక్కడ మామూలే. ఫ్లవర్స్ ప్రచారం చేసిన ‘గ్రేషియస్ ప్రొఫెషనలిజం’ అదే.

ఈ మర్యాద వెనుక ఒక లెక్కా ఉంది. 1999 నుంచి పోటీ కూటములతో నడుస్తోంది. అర్హత మ్యాచ్‌లు ముగిశాక పైవరసలోని ఎనిమిది జట్లు తోడు జట్లను ఎంచుకుంటాయి. అంటే ఇప్పటి ప్రత్యర్థే తర్వాత తోడు కావచ్చు. అందుకే గ్యాలరీలో కొందరు పిల్లలు రోజంతా ప్రతి రోబో ఏం చేసిందీ, ఎక్కడ ఆగిపోయిందీ రాసుకుంటూ ఉంటారు. పాయింట్లు తక్కువున్నా, అడ్డుకోవడంలో దిట్టైన రోబోకు ఇక్కడే పిలుపొస్తుంది.

ఖర్చు మాత్రం పెద్ద లోపం. రిజిస్ట్రేషన్‌కే వేల డాలర్లవుతాయి. స్పాన్సర్లు దొరకని బడికి గుమ్మంలోనే ఆటంకం. అందుకే విద్యార్థులు రోబోతోపాటు విరాళాల సేకరణ, కంపెనీలకు వినతిపత్రాలు, ప్రాథమిక పాఠశాలల్లో ప్రదర్శనలు కూడా చూసుకుంటారు. ఆ పనికీ గుర్తింపు ఉంది. ఈ పోటీలో అత్యున్నత పురస్కారం కప్పు గెలిచిన కూటమికి దక్కదు. తన ఊళ్లో సైన్సు పట్ల ఆసక్తి పెంచిన జట్టుకు దక్కుతుంది. ‘ఛైర్మన్స్ అవార్డు’గా ఉన్న దాని పేరు 2023 సీజన్ నుంచి ‘ఫస్ట్ ఇంపాక్ట్ అవార్డు’.